ఒకటి తర్వాత పదిని పిలిచిన రోజు

తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. లిఫ్ట్ దగ్గర నేను కనబడితే వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆంటీ, ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది?" ఉద్యోగం వచ్చాక ఏం చేయాలని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు రిటైరైన వాళ్లకు ఉంటుంది గనుక ఇది రాస్తున్నాను.

నా పేరు వకుళ. నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. నేను బ్యాంకులో చేరతానని ఆయన ఆశ. నేను చేరింది మాత్రం బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. అక్కడ కంప్యూటర్ సెక్షన్‌లో పని చేస్తూ, చిత్తూరులో కాపురం ఉంటూ, తలనెరిసేదాకా గడిపాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి చెప్పుకోదగ్గవి కావు, రానివి చెప్పుకుంటే ఏడుపు. ఉద్యోగం చివర్లో, రిటైర్మెంట్ కనుచూపు మేరలో ఉండగా, నాకు కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్పాలని కంపెనీకి బుద్ధి పుట్టింది. చెప్పుకోదగ్గది అదొక్కటే.

నవ్వే మాస్టారు

పాతకాలంలో నేర్పే తీరు గొప్పగా ఉండేదని చెప్పబోవడం లేదు. నేను ఫాక్స్‌ప్రో అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే రోజుల్లో మొత్తం ఫ్యాక్టరీకి ఒక్కటే పుస్తకం. మా మొదటి బాసు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. ఆయన సెలవు పెడితే తాళంచెవి కూడా సెలవు పెట్టేది. ప్రోగ్రాం ఆగిపోతే ఆయన తమిళ యాసలో "నీకే తెలియాల" అని వెళ్లిపోయేవాడు. అందువల్ల మాకు చాలా తెలిసింది, కానీ దానికి ఆయనను మెచ్చుకోమంటే మెచ్చుకోను.

ఆ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములే ఏళ్ల తరబడి మా ఫ్యాక్టరీని నడిపాయి. సీజన్‌లో తోతాపురి కాయలతో ట్రాక్టర్లు, లారీలు గేటు దగ్గర వరస కడతాయి. ఒక్కో బండికి ఒక టోకెన్ ఇస్తాం. యార్డులో ఒక బోర్డు మీద నంబరు వెలిగితే ఆ బండి తూకం వేసే కాటాకు పోవాలి. చూసేవాళ్లకు ఇంతే. ఎండలో కాయలతో నిలబడినవాడికి మాత్రం ఆ బోర్డే దేవుడు.

అప్పుడు బెంగళూరు నుంచి ప్రణవ్ సారు వచ్చాడు. హోదా పేరు చాలా పొడుగు, అందులో 'మార్పు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు రెండు ఉండేవి. వచ్చిన వారంలోనే అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, పాత ప్రోగ్రాములన్నీ తీసేసి పైథాన్ అనే కొత్త భాషలో రాయాలన్నాడు. పైథాన్ ఎవరు నేర్పుతారని అడిగాను. "ఆన్‌లైన్ కోర్సులున్నాయి మేడం. ప్రపంచంలోనే గొప్ప మాస్టార్లు మీ ఫోన్‌లోకి వస్తారు" అన్నాడు.

వచ్చారు. నాకు దొరికిన మాస్టారు ఎప్పుడూ నవ్వుతుండేవాడు. ఆయన వెనక ఒక పూలకుండీ, ఒక గిటారు. పాఠం ఎంత కష్టమైనా ఆ నవ్వు చెక్కు చెదరదు. ఉదాహరణ చెప్పాల్సి వస్తే ఆయనకు తెలిసిన పండ్లు యాపిల్, అరటి, చెర్రీ. నా వెనక కిటికీలోంచి మామిడి గుజ్జు వాసన వస్తుంటే నేను చెర్రీల జాబితా తయారుచేశాను. ప్రతి పాఠం చివరా రంగు కాగితాలు ఎగిరి, 'అభినందనలు' అని తెరమీద పడేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దొరకని అభినందనలన్నీ ఆ నెలలో దొరికాయి.

నేను శ్రద్ధగల విద్యార్థిని. ఒక్క వీడియో వదలలేదు. ఆయన చెప్పిందంతా అర్థమయ్యేది, అదే నన్ను ముంచింది. ఆయన టైపు చేస్తుంటే "అంతే కదా" అనుకునేదాన్ని. వీడియో ఆపి ఖాళీ తెర ముందు కూర్చుంటే ఒక్క వాక్యం రాసేది కాదు చెయ్యి. పెళ్లి భోజనం చూసి ఇంటికొచ్చి ఆకలితో పడుకున్నట్టుండేది.

పట్టికలో మొదటివాడు

క్యాంటీన్ గోడకు ప్రణవ్ సారు ఒక టీవీ పెట్టించాడు. ఎవరు ఎన్ని కోర్సులు పూర్తిచేశారో అందులో ఫొటోలతో సహా వచ్చేది. నేను అట్టడుగున. నా కింద కంపెనీ డ్రైవర్ ఒక్కడే, అతనికి లాగిన్ ఇవ్వడం మరిచిపోయారట.

పైన, మొదటి స్థానంలో, దామోదరం. అతను అకౌంట్స్ నుంచి మా సెక్షన్‌కు వచ్చినవాడు. మంచివాడు, మాటకారి, పని దగ్గర మాత్రం కాస్త నెమ్మది. అలాంటివాడు సాంబారన్నం తినేలోపు ఒక కోర్సు పూర్తిచేస్తుంటే నాకు అనుమానం రాలేదంటే అబద్ధం.

"ఎట్లబ్బా దామోదరం, ఇన్ని ఎట్ల చేస్తా ఉండావు?" అని అడిగాను.

"ఏముండాదక్కా, వీడియోను రెండింతల స్పీడులో పెట్టేసి టీవీ చూసుకుంటా ఉంటా. అదే పోతా ఉంటాది."

"మరి పరీక్షలు?"

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అవి మా ఇంట్లో ఆమె రాస్తాది."

వాళ్లింట్లో ఆమె సులోచన. సత్యవేడు వైపు అమ్మాయి, మ్యాథ్స్‌లో డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక అత్తగారి మంచం పక్కన, పొయ్యి పక్కన డిగ్రీ అలాగే ఉండిపోయింది. భర్త బతిమాలితే మొదట్లో విసుక్కుంటూ కూర్చుందట. ఆ తర్వాత అతను పిలవకపోయినా కూర్చునేదట. "నాకు భలే మేలయిందక్కా, ఇప్పుడు నేను గుర్తుచేయాల్సిన పని గూడా ల్యా" అని దామోదరం నిశ్చింతగా నవ్వాడు. ఇంట్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. నాకూ తెలియదు.

ప్రణవ్ సారు దామోదరానికి పూలగుచ్ఛం ఇచ్చి ఫొటో తీయించాడు. టోకెన్ల ప్రోగ్రాం కొత్తగా రాసే పని కూడా అతనికే ఇచ్చాడు, మొదటి స్థానంలో ఉన్నవాడు కదా. కాటా చీటీల పని నాకు పడింది. ఎవరి పని వాళ్లే చూసుకోవాలి, ఒకరిదొకరు చూడక్కర్లేదు, అలా అయితేనే వేగం అన్నాడు సారు.

దామోదరం రాశాడు. దీన్ని మాత్రం ఇంట్లో రాయించలేదు, ఆఫీసులో మా కళ్లముందే, పాఠాల్లోంచి ముక్కలు తెచ్చి అతికించి రాశాడు. సీజన్ ముందు డెమో పెట్టారు. పదికి లోపు టోకెన్లు ఇచ్చి చూశారు. బోర్డు మీద ఒకటి, రెండు, మూడు అని వరసగా వెలిగాయి. ఫ్యాక్టరీ యజమాని, మా పెద్ద సారు, చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు, నాతో సహా.

తోతాపురి రోజు

కాయలు ఒక్కసారిగా దిగే రోజు ఏటా ఒకటి ఉంటుంది. ఆ రోజు బండ్ల వరస గేటు దాటి, సర్వీసు రోడ్డు దాటి, హైవే దాకా పోతుంది. ఆ ఏడు అది కొత్త ప్రోగ్రాం యార్డులో పెట్టిన మొదటి రోజే వచ్చిపడింది. పొద్దున గేటు తెరిచేసరికి నూటికి పైగా టోకెన్లు ఇచ్చేసి ఉన్నారు.

బోర్డు మీద ఒకటి వెలిగింది. ట్రాక్టర్ లోపలికి పోయింది.

తర్వాత పది వెలిగింది.

ఎవరో ముందుకు దూరారులే అనుకున్నారు జనం. ఆ తర్వాత వంద. దాని తర్వాత నూటొకటి. వరసలో అన్నిటికంటే చివర, హైవే మీద చింతచెట్టు కింద నిలబడిన లారీవాళ్లు తమ అదృష్టాన్ని నమ్మలేక హారన్లు కొట్టుకుంటూ వచ్చారు.

రెండో నంబరు టోకెన్ చెంగల్రాయులు అనే రైతుది. తెల్లారకముందే వచ్చి, ట్రాక్టర్ ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు పాపం, తర్వాతి వంతు తనదే కదా అని. వంద పోయింది, నూటొకటి పోయింది, నూటరెండు పోయింది. ఆయన దిగి వచ్చి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, మా కాయిలు కాయిలు కావా? నాది రెండు. ఆ నూట రెండోవోడు ఇప్పుడు నిద్ర లేసి వచ్చినాడు, వాడిని పిలస్తారా? ఎవురికి ఎంతిచ్చినాడో సెప్పండి, మేమూ ఇస్తాం!"

ఆ మాటతో వెనకున్నవాళ్లంతా దిగారు. యార్డు సూపర్‌వైజర్ మునిరత్నం కాలరు పట్టుకున్నారు. అతను "బోర్డు సెప్తా ఉండాదప్పా, నేను కాదు" అని మొత్తుకుంటున్నాడు. బోర్డుకు కాలరు లేదు గనుక జనం అతన్ని వదల్లేదు. ఎండ ముదురుతోంది. బండ్లలో అడుగున ఉన్న కాయ వేడికి మెత్తబడుతుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

ప్రణవ్ సారు చల్లటి గదిలోంచి ఫోన్ చేశాడు. "రీస్టార్ట్ చేయండి." చేశాం. ఒకటి, పది, వంద. "మళ్లీ చేయండి." మళ్లీ ఒకటి, పది, వంద. కంప్యూటర్‌కు ఒక్క విషయంలో మాత్రం చిత్తశుద్ధి ఉంది, ఎన్నిసార్లు అడిగినా అదే తప్పు చెప్పింది. పాత ప్రోగ్రాం పెడదామన్నాను. దాన్ని ఎవరూ వెనక్కి తేకూడదని మొన్ననే తీసిపారేయించాడట.

నేను దామోదరం రాసింది తెరిచి చూశాను. చదివితే అంతా సరిగ్గానే ఉంది. చిన్నదాన్నుంచి పెద్దదానికి వరసగా పేర్చమని స్పష్టంగా రాసి ఉంది. దామోదరం కోసం వెనక్కి తిరిగితే కుర్చీలో లేడు.

జనరేటర్ షెడ్డు వెనకాల ఉన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకొని.

"ఒసే, ఒకటి తర్వాత పది వస్తా ఉండాదే. తర్వాత నూరు. జనాలు కొట్టేట్టుండారు. ఏం చేసేదే?"

నేను చెయ్యి చాపాను. అతను ఫోన్ ఇచ్చేశాడు.

"సులోచనా, నేను వకుళక్కను."

అవతల కుక్కర్ విజిల్ వేసింది. ఆమె స్టవ్ ఆపిన చప్పుడు వినిపించింది.

"అక్కా, టోకెన్ నంబర్లు యాడనుంచి వస్తా ఉండాయి? ఫైల్లోనుంచి చదువుతా ఉండారా?"

"అవునమ్మా."

"అయితే అవి నంబర్లు కావక్కా. ఫైల్లోంచి చదివిందాన్ని పైథాను అక్షరాలనే అనుకుంటాది. డిక్షనరీలో 'క'తో వచ్చే మాటలన్నీ అయినాకనే కదా 'ఖ' వచ్చేది? అట్ల ఒకటితో మొదలయ్యేవన్నీ అయిపోతేగానీ రెండు రాదు. పేర్చేదానికి ముందర, ఇది అంకె అని చెప్పాల. ఇంట్ అని రాసి టోకెన్ నంబరును బ్రాకెట్‌లో పెట్టండి."

పదికి లోపు టోకెన్లతో ఆ తప్పు జన్మలో బయటపడదు. ఫాక్స్‌ప్రోలో పట్టిక గీసినప్పుడే ఇది అంకెల గడి అని చెప్పేస్తాం, మళ్లీ దాని ఊసే ఉండదు. అన్నేళ్ల అలవాటు కొద్దీ ఫైలు చదివే ఆ వాక్యాన్ని నేను చూస్తూనే దాటిపోయాను. దామోదరం అసలు చూడనే లేదు. వీడియోల్లో ఇది ఒకచోట చెప్పారని తర్వాత తెలిసింది. నవ్వుతూ చెప్పాడట.

నేను గదిలోకి పరిగెత్తి ఆ చిన్న మాట చేర్చాను. మళ్లీ నడిపితే బోర్డు మీద ఒకటి తర్వాత రెండు వెలిగింది.

గేటు దగ్గరికి వెళ్లి చెంగల్రాయులుకు నేనే చెప్పాను. "ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదప్పా. మా ప్రోగ్రాం తప్పు రాశాం."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "లంచమంటే తిట్టుకోనైనా అయితాది. తప్పు రాసినామంటే ఏమని తిట్టేదమ్మా?" అని ట్రాక్టరెక్కాడు. మునిరత్నం నలిగిన చొక్కాతోనే ఆయన బండిని దగ్గరుండి దింపించాడు. మెత్తబడిన కాయకు తరుగు తీయలేదు. ఆ రోజు ఫ్యాక్టరీలో ఎవరి అనుమతీ అడక్కుండా జరిగిన మంచి పని అదొక్కటే.

అభినందన సభ

మరుసటి వారం ప్రణవ్ సారు మీటింగ్ పెట్టాడు. సంక్షోభాన్ని దామోదరం ఎంత వేగంగా పరిష్కరించాడో, కోర్సుల వల్ల ఎంత మేలు జరిగిందో పెద్ద సారుకు చూపించాలి. సంక్షోభం ఎవరివల్ల వచ్చిందో చెప్పే పేజీ ఆ ప్రదర్శనలో లేదు.

ముందురోజు దామోదరం నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, సెప్పేయాల్నా?"

"నేను చెప్పను. నువ్వు చెప్పుకుంటే నీ ఇష్టం. సులోచన ఏమంటాంది?"

"ఏమీ అనడంల్యా. నిన్నట్నుంచి నాతో మాట్లాడడంల్యా. పూలగుచ్ఛం ఇస్తారంట అని సెప్తే లోపలికి పోయి తలుపేసుకునింది."

సభలో పూలగుచ్ఛం చేతిలో పెట్టగానే దామోదరం మైకు తీసుకున్నాడు. ధన్యవాదాలు చెబుతాడని అందరూ నవ్వుతూ ఎదురుచూశారు.

"సార్, ఆ సర్టిఫికెట్లు నావి గాదు. పరీక్షలన్నీ మా ఇంటామె సులోచన రాసింది. మొన్న తప్పు రాసింది నేను. అది సరిజేసింది గూడా ఆమే, వంట చేస్తా చేస్తా ఫోన్‌లో. నా పేరు తీసేయండి సార్ ఆ టీవీలోంచి."

ప్రణవ్ సారు ముఖాన నవ్వు అలాగే ఉంది, దాన్ని ఎప్పుడు తీయాలో ఆయనకు తోచలేదు. పెద్ద సారు మాత్రం గ్లాసులో నీళ్లన్నీ తాగి, "ఆమె ఏం చేస్తుంటారు?" అని అడిగాడు.

ఇక్కడ అన్నీ కుదిరిపోయాయని రాస్తే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. దామోదరానికి మెమో ఇచ్చారు. ఆ సీజన్ మిగతా రోజులంతా గేటు దగ్గర ఎండలో టోకెన్లు చించి ఇచ్చే పనికి వేశారు. సర్టిఫికెట్ల కోసం మిగతావాళ్లు ఏం చేశారో ఎవరూ అడగలేదు, అడిగితే టీవీ ఖాళీ అవుతుంది. సులోచనను పిలిచి మాట్లాడారు. ఆమెకు పని వచ్చునని అందరికీ తెలుసు, కానీ ఆమె పేరుతో సర్టిఫికెట్ లేదు. కాబట్టి అదే కోర్సు, అవే పరీక్షలు, తన పేరుతో మళ్లీ రాయమన్నారు. ఆమె రాసింది. అభినందనలు రెండోసారి అందుకుని, కాంట్రాక్టు మీద మా సెక్షన్‌లో చేరింది.

ప్రణవ్ సారు చెడ్డవాడని రాస్తే సులువుగా పోతుంది. ఆయన భయస్తుడు. ఆయనపైన ఇంకో టీవీ ఉండేది, అందులో ఆయన ఫొటో ఎక్కడుందో ఆయన రోజూ చూసుకునేవాడు. మీకూ ఇలాంటి బాసులు దొరుకుతారు. వాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చేయండి, పని మాత్రం విడిగా నేర్చుకోండి.

ఆమె ఎలా నేర్చుకుంది

ఆదివారాలు చిత్తూరులో వాళ్లింటికి వెళ్లేదాన్ని. నాకు నేర్పమని సిగ్గు విడిచి అడిగాను.

సులోచన, వీడియోలో మాస్టారి నవ్వు చూస్తూ కూర్చునేది కాదు. పాఠం సగంలో ఆపేసి, ఫోన్ బోర్లా పెట్టేసి, తాను రాసేది. యాపిల్, చెర్రీ తీసేసి తోతాపురి, నీలం, బేనిషా అని పెట్టుకునేది. ఒక పాఠం అయ్యాక, ఇంట్లో దేనికైనా పనికొస్తుందా అని చూసేది. అత్తగారు వేసుకోవాల్సిన బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఏ పూట ఏదో చెప్పే ప్రోగ్రాం రాసుకుంది. అది మొదటిసారి రాత్రి మాత్రను పొద్దున వేసుకోమంది. అత్తగారు "మిషను కంటే నేనే మేలు" అని నవ్వారట. ఆ తప్పు వెతకడానికి ఆమెకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ రెండు మధ్యాహ్నాల్లో నేర్చుకున్నది ఏ వీడియోలోనూ లేదని చెప్పింది.

నేను రాస్తుంటే పక్కన కూర్చుని చేతులు కట్టుకునేది. ఎర్రర్ వచ్చి ఎర్రటి అక్షరాలు తెరనిండా పరుచుకుంటే నేను కంగారుగా ఆమె వైపు తిరిగేదాన్ని.

"నన్ను చూస్తే ఏముండాదక్కా? అది మీతోనే కదా మాట్లాడతా ఉండాది. చదవండి."

ఎన్ని వీడియోలు చూశానో, ఒక్కదాంట్లోనూ మాస్టారుకు ఎర్రర్ రాలేదు. వచ్చిన ముక్కలు కత్తిరించి మనకు చూపిస్తారు. అసలు పనంతా ఆ కత్తిరించిన ముక్కల్లోనే ఉందని తెలుసుకునేసరికి నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది.

మరుసటి సీజన్‌కు టోకెన్ల ప్రోగ్రాం సులోచన మొదటి నుంచీ రాసింది. కాటా చీటీలు నేను మళ్లీ రాశాను. ఒకరిది ఒకరం చదువుకున్నాం, వేగం గురించి ఎవరి మాటా వినలేదు. వెయ్యికి పైగా దొంగ టోకెన్లు పుట్టించి పరీక్ష చేశాం. కాయలు ఒక్కసారిగా దిగిన రోజు యార్డులో చెప్పుకోదగ్గ సంగతి ఏదీ జరగలేదు. మా వృత్తిలో అంతకు మించిన పొగడ్త లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు కూడా.

రిటైరైన రోజు నాకు శాలువా కప్పారు. దాంతోపాటు ఒక కవరు ఇచ్చారు. లోపల, ఆన్‌లైన్ కోర్సులన్నీ ఏడాది పాటు ఉచితంగా చూసుకునే అవకాశం. పనిలో ఉండగా నేర్చుకునే తీరిక ఇవ్వని కంపెనీ, పని పోయాక నేర్చుకోమని దీవించింది.

తిరుపతి వచ్చాక దాన్ని కొన్నాళ్లు అలాగే వదిలేశాను. మొన్న ఒక మధ్యాహ్నం పేరు కూడా సరిగా పలకడం రాని కొత్త భాష ఒకటి తెరిచాను. కొత్త మాస్టారు, కొత్త పూలకుండీ. మొదటి ఉదాహరణ ఆయన రాయడం మొదలుపెట్టగానే వీడియో ఆపేశాను. నాకు తోచినట్టు నాలుగు వాక్యాలు రాసి నడిపాను.

తెరనిండా ఎర్రటి అక్షరాలు. కళ్లజోడు సర్దుకొని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.